కళ్లు మూసుకోగానే దవడ బిగుసుకుపోతోంది!

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ధ్యానం గురించినవే ఎక్కువ. మనసు కుదుటపడాలని కూర్చుంటే ఒళ్లు మొరాయిస్తోందని అందరి బాధ. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే నెలకు వాయిదా వేసి, వీటికే కాస్త వివరంగా జవాబు రాస్తున్నాను. కొత్త పాఠకుల కోసం చెబుతున్నాను, నేను ఫిజియోథెరపిస్టుని. రాజమండ్రిలో మెడ, భుజం, నడుము నొప్పులతో వచ్చేవాళ్లను చూడటం నా పని. పొద్దున్నే కాసేపు ధ్యానంలో కూర్చునే అలవాటు నాకూ చాలా ఏళ్లుగా ఉంది. కండరాల గురించి చెప్పేది వృత్తిపరంగా, కూర్చోవడం గురించి చెప్పేది అనుభవంతో. కుండలిని, చక్రాలు వంటి విషయాల్లో తీర్పు చెప్పే అర్హత నాకు లేదు. వాటి జోలికి పోను.

ప్రశ్న: మేడమ్ గారూ, నా వయసు 46. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. బీపీ, షుగర్ లేవు. నిరుడు మా వీధిలో ధ్యాన కేంద్రం పెట్టినప్పటి నుంచి రోజూ తెల్లవారుజామున అరగంట సేపు శ్వాస మీద ధ్యాస పెట్టి కూర్చుంటున్నాను. కళ్లు మూసుకున్న కాసేపటికే పైపళ్లు, కిందిపళ్లు కరుచుకుపోతాయి. భుజాలు పైకి లేస్తాయి. నుదురు ముడిపడుతుంది. గమనించి వదులు చేస్తే రెండు నిమిషాల్లో మళ్లీ అంతే. లేచేసరికి కణతలు లాగేస్తుంటాయి. మామూలుగా ఉన్నప్పుడు ఇదేమీ ఉండదు. తోటివాళ్లేమో ‘శక్తి ప్రవహిస్తోంది, ఇంకా ఎక్కువసేపు కూర్చో’ అంటున్నారు. మావారేమో ‘ఇది నరాల బలహీనత, మానెయ్’ అంటున్నారు. ఎవరి మాట వినమంటారు? — ఒక సోదరి, తణుకు

జవాబు: అమ్మా, ఈ విషయంలో ఇద్దరి మాటా వినొద్దు. ధ్యానం మానక్కర్లేదు, సమయం పెంచనూ కూడదు. ముందు కొన్నాళ్లు తగ్గించాలి. ఎందుకో చెబుతాను.

మీ ఉత్తరంలో ‘మామూలుగా ఉన్నప్పుడు ఇదేమీ ఉండదు’ అన్న వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. నా అనుమానం, అప్పుడూ ఉంటుంది, మీకు తెలియడం లేదంతే. నా దగ్గరికి భుజం నొప్పితో వచ్చేవాళ్లను కుర్చీలో కూర్చోబెట్టి, మోచేతి కింద ఒక చెయ్యి, మణికట్టు కింద ఒక చెయ్యి పెట్టి వాళ్ల చేతిని కొంచెం పైకి లేపుతాను. ‘బరువంతా నాకు వదిలెయ్యండి, మీరు పట్టుకోవద్దు’ అంటాను. ‘వదిలేశానండీ’ అంటారు. అప్పుడు నెమ్మదిగా నా చేతులు తీసేస్తే, నిజంగా వదిలిన చెయ్యి వెంటనే ఒళ్లో పడాలి. చాలామందికి పడదు. గాల్లోనే నిలబడి ఉంటుంది, దాన్ని చూసి వాళ్లే ఆశ్చర్యపోతారు. అబద్ధం చెప్పారని కాదు. రోజంతా బిగించి ఉంచే కండరం బిగుతుగా ఉన్నట్టు మనకు కబురు చెప్పడం మానేస్తుంది, అదే మామూలు స్థితి అనిపిస్తుంది. మీ ఇంట్లో ఎవరి చేతనైనా ఈ పరీక్ష చేయించుకోండి. రెండు చేతులకూ చేయించుకోండి. బోర్డు మీద రాసే కుడిచెయ్యి సంగతి ముఖ్యంగా చూడమనండి.

ఇప్పుడు మీరు తెల్లవారుజామున, చప్పుడు లేని చోట, చేసే పనేమీ లేకుండా కళ్లు మూసుకుని కూర్చుంటున్నారు. పగలంతా గోలలో వినపడని ఆ బిగుతు ఇప్పుడు వినపడుతోంది. కొంత కథ ఇది.

రెండోది, శ్రద్ధ పెట్టడం అనే పనిలోనే ఉంది. మీ క్లాసులో పిల్లలు చిక్కు లెక్క చేస్తున్నప్పుడు చూసే ఉంటారు. నుదురు ముడిపడుతుంది, పెన్సిలు మీద వేళ్లు బిగుస్తాయి, కొందరికి నాలుక పెదవి చివరికి వస్తుంది. లెక్కకు నాలుకతో ఏం పని? ఏమీ లేదు. మనసు గట్టిగా ప్రయత్నిస్తే ఆ ప్రయత్నం ముఖంలోకి, దవడలోకి, మెడలోకి పొంగిపోతుంది. ఎడ్మండ్ జాకబ్సన్ అనే అమెరికా వైద్యుడు దీని మీదే జీవితమంతా పనిచేశాడు. చేతిని వంచుతున్నట్టు ఊరికే ఊహించుకున్నా సరే, ఆ చేతి కండరాల్లో సన్నటి విద్యుత్ కదలిక పుడుతుందని ఆయన పరికరాలతో కొలిచి చూపించాడు. ఒంట్లో ఒక్కొక్క కండరాన్నీ వదులు చేసుకునే పద్ధతిని 1929లో పుస్తకంగా వెలువరించాడు. మేము ఈనాటికీ దాన్ని కొద్ది మార్పులతో వాడుతున్నాం. మీరు ‘శ్వాసను వదలకూడదు, వదలకూడదు’ అని పట్టుదలగా కూర్చుంటే, ఆ పట్టుదలను పళ్లు అక్షరాలా పాటిస్తున్నాయి.

ఇది ఈ కాలపు టెన్షన్ల వల్ల కొత్తగా వచ్చిన జబ్బు కాదు. బౌద్ధుల మజ్ఝిమ నికాయంలో మహాసచ్చక సుత్తం అని ఉంది. బుద్ధుడు కాకముందు తాను చేసిన సాధన గురించి ఆయనే అందులో చెబుతాడు. పళ్లు బిగించి, నాలుకను అంగిలికి నొక్కిపట్టి, మనసును మనసుతో అణచాలని చూశాడట. చంకల్లోంచి చెమటలు కారాయట. ఉత్సాహం తగ్గలేదు కానీ ఒళ్లు మాత్రం కుదుటపడలేదని ఆయన మాట. అంతటివాడికే దవడ బిగుసుకుంది, మీరేమీ బెంగపడకండి. పతంజలి కూడా యోగసూత్రాల మొదటి పాదంలో చిత్తాన్ని చెదరగొట్టే అడ్డంకులు తొమ్మిదింటిని చెప్పి, ఆ వెంటనే 31వ సూత్రంలో వాటితో పాటు వచ్చేవాటిని లెక్కపెట్టాడు. దుఃఖం, మనసు చెడటం, అవయవాలు వణకడం, ఉచ్ఛ్వాస నిశ్వాసాలు గతి తప్పడం. ఒళ్లు అదరడాన్ని ఆయన ఘనకార్యాల జాబితాలో వెయ్యలేదు, చెదిరిన మనసుకు తోడుగా వచ్చే లక్షణాల్లో వేశాడు. మీ తోటివాళ్లు ఈసారి ‘శక్తి’ అంటే ఈ సూత్రం చూపించండి. వాళ్లను నొప్పించడానికి కాదు. ‘ఇంకా ఎక్కువసేపు కూర్చో’ అనే సలహా మీకు నష్టం చేస్తుంది కాబట్టి చెబుతున్నాను.

ఇక చెయ్యాల్సింది. మొదట మీ కూర్చునే తీరు. ఉత్తరంలో రాయలేదు గానీ, నేల మీద చాప వేసుకుని బాసింపట్టు వేసుకుంటున్నారని అనుకుంటున్నాను. పక్క నుంచి ఎవరి చేతనైనా ఫొటో తీయించుకుని చూడండి. మోకాళ్లు తుంటి కన్నా ఎత్తులో ఉన్నాయా? ఉంటే కటి భాగం వెనక్కి ఒరిగిపోతుంది, నడుము గూనిలా వంగుతుంది, తల ముందుకు వస్తుంది. ఆ తల వేలాడకుండా ఆపడానికి మెడ వెనక కండరాలు అరగంటా కాపలా కాయాలి. పెద్దవాళ్ల తల బరువు సుమారు 5 కిలోలు. అది ముందుకు జరిగే కొద్దీ మెడ మీద పడే భారం పెరుగుతుంది. అంత పని చేస్తూ మెడ, భుజాలు, దవడ వదులుగా ఉండమంటే ఎలా ఉంటాయి? రెండు దుప్పట్లు గట్టిగా మడిచి పిరుదుల కింద మాత్రమే వేసుకోండి. మోకాళ్లు తుంటి కన్నా కిందికి వచ్చేదాకా ఎత్తు పెంచండి. ఒక మోకాలు నేలకు ఆనకపోతే దాని కింద తువ్వాలు చుట్టి పెట్టండి. అప్పుడు వెన్ను నిలబెట్టక్కర్లేకుండానే నిలబడుతుంది. చేతులు మోకాళ్ల దాకా చాచి పెట్టొద్దు. అలా పెడితే భుజాలు ముందుకు గుంజుకుంటాయి. ఒళ్లో ఒక చిన్న దిండు పెట్టుకుని, దాని మీద చేతులు వదిలెయ్యండి. ఈ దిండు ఒక్కటే చాలామంది భుజాలను దింపడం నేను చూశాను.

తర్వాత దవడ. చూపుడువేలు, మధ్యవేలు చెవి తమ్మెకు కొంచెం ముందు, కొంచెం కింద, చెంప మీద పెట్టి పళ్లు ఒకసారి బిగించండి. వేళ్ల కింద ఒక గడ్డ ఉబుకుతుంది. అది నమిలే కండరం. ఒంట్లో దాని పరిమాణానికి దాని బలం చాలా ఎక్కువ. ఇప్పుడు వదలండి. గడ్డ పూర్తిగా మెత్తబడిందా, సగంలోనే ఆగిందా? చాలామందికి సగంలో ఆగుతుంది. పైకి చప్పుడు రాకుండా ‘న’ అనబోయినట్టు నాలుక కొనను పైపళ్ల వెనక ఆనించండి. పెదవులు కలిసి ఉండాలి, పళ్లు మాత్రం తాకకూడదు. నమిలేటప్పుడు, మింగేటప్పుడు తప్ప పళ్లకు పళ్లు ఆనాల్సిన పని రోజులో ఎప్పుడూ లేదు. నోరు మూసుకోవడమంటే పళ్లు మూసుకోవడం అనుకుంటాం మనం. ఆ అలవాటు తప్పాలి. ధ్యానానికి ముందు వేళ్లతో ఆ కండరాన్ని పైనుంచి కిందికి, కాస్త ఒత్తి, నెమ్మదిగా ఒక నిమిషం రాసుకోండి.

భుజాలకు జాకబ్సన్ దారిలో వెళ్లండి. భుజాలను కావాలనే చెవుల దాకా ఎత్తి ఐదారు సెకన్లు పట్టి, ఒక్కసారిగా వదిలెయ్యండి. ఇరవై ముప్ఫై సెకన్లు ఆ తేడా గమనించండి. మళ్లీ ఒక్కసారి. పిడికిళ్లకూ, నుదుటికీ అంతే. దవడకు మాత్రం ఇలా బిగించి వదిలే పని వద్దు. మీకు ఇప్పటికే కణతలు లాగుతున్నాయి.

శ్వాస సంగతి కూడా చెప్పాలి. శ్వాసను చూడమంటే, మనలో చాలామంది దాన్ని నడిపిస్తారు. చూస్తున్నామని తెలియగానే లోతుగా, సాగదీసి, ‘బాగా’ పీల్చడం మొదలుపెడతారు. అలా పీల్చినప్పుడు మెడ పక్కన ఉండే కండరాలు, భుజం మీది కండరాలు పక్కటెముకలను పైకి లాగడానికి దిగుతాయి. మామూలు శ్వాసకు వాటి అవసరం లేదు, పొట్టకూ రొమ్ముకూ మధ్య ఉండే ఉదరవితానం ఒక్కటే దాదాపు ఆ పనంతా చేసుకుపోతుంది. బొడ్డు మీద ఒక చెయ్యి, రొమ్ము ఎముక మీద ఒక చెయ్యి పెట్టుకుని అద్దం ముందు చూసుకోండి. పీల్చినప్పుడు పైచెయ్యే ఎక్కువ లేస్తుంటే, భుజాలు లేవడానికి కారణం దొరికినట్టే. అలా ఉంటే ఒక పది రోజులు శ్వాసను పక్కన పెట్టి, దిండు మీద ఆనిన అరచేతుల స్పర్శ మీదో, బయట పిట్టల అరుపుల మీదో ధ్యాస ఉంచండి. మీ గురువుగారు ఒప్పుకోరేమో అని సందేహించకండి, అడగండి. మంచి గురువు ఒప్పుకుంటారు.

ధ్యాసలో ఉన్నప్పుడు దవడ మళ్లీ బిగిస్తే ఏం చెయ్యాలి? అది బిగుస్తుందా లేదా అని కాపలా కాయడం మొదలుపెడితే కాపలాయే ఒక బిగుతు అవుతుంది. బిగిసినట్టు తెలిసినప్పుడు నోట్లోంచి ఊపిరి ఒకసారి నిదానంగా వదలండి, దవడ దానంతట అదే కిందికి జారుతుంది. జారకపోతే జారలేదు. వదిలేసి ముందుకు పొండి. పతంజలి ఆసనం గురించి చెప్పిన మూడు సూత్రాల్లో మొదటిది ‘స్థిరసుఖమాసనమ్’, ఇది అందరికీ తెలుసు. దాని వెంటనే వచ్చే సూత్రం మొదలయ్యేదే ప్రయత్నాన్ని సడలించడంతో. ఈ రెండోదాన్ని మన యోగా క్లాసుల్లో ఎందుకనో ఎవరూ చెప్పరు. నాకు అది పెద్ద లోటుగా కనిపిస్తుంది.

సమయం 10 నిమిషాలకు తగ్గించండి. కణతలు లాగకుండా కొన్ని రోజులు లేవగలిగాక రెండేసి నిమిషాలు పెంచండి. పగటిపూట స్కూల్లో పీరియడ్ బెల్ కొట్టినప్పుడల్లా ఒక్క సంగతి చూసుకోండి, పళ్లు తాకుతున్నాయా లేదా అని. తాకుతుంటే విడదీసి తర్వాతి క్లాసుకు వెళ్లండి. పొద్దున చేసే అరగంట కన్నా ఈ బెల్ పనే మీకు ఎక్కువ మేలు చేస్తుందని నా నమ్మకం.

పొద్దున నిద్ర లేవగానే దవడ నొప్పిగా ఉంటే, లేదా రాత్రి పళ్లు కొరికిన చప్పుడు విన్నానని మీవారు అంటే, పళ్ల డాక్టరుకు చూపించుకోండి. పళ్లు అరిగాయేమో చూసి, అవసరమైతే రాత్రిపూట పెట్టుకునే తొడుగు ఇస్తారు. ఇక మీవారికి నా మాటగా చెప్పండి, నరాల బలహీనత అని మనం వాడే మాట ఏ జబ్బుకూ పేరు కాదు. చేతిలో వస్తువులు జారిపోవడం, మెట్లెక్కలేకపోవడం, ఒక పక్క సన్నబడటం ఉంటే అది చూపించుకోవాల్సిన విషయం. అవేమీ లేకుండా, మెడికల్ షాపులో అడిగి బీకాంప్లెక్స్ ఇంజెక్షన్లు చేయించుకోవడం వద్దు.

ప్రశ్న: నమస్తే మేడమ్. వయసు 29, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వీడియోలు చూసి ధ్యానానికి ముందు భస్త్రిక, కపాలభాతి చేస్తున్నాను. స్పీడు పెంచినప్పటి నుంచి ధ్యానంలో కూర్చోగానే మూతి చుట్టూ చీమలు పాకినట్టు ఉంటుంది. వేళ్లు వాటంతటవే బిగుసుకుని, బొటనవేలు అరచేతిలోకి ముడుచుకుంటుంది. విప్పుదామన్నా రాదు. మొదటిసారి పక్షవాతం అనుకుని హడలిపోయాను. పది నిమిషాలకు తగ్గింది. ఇది మంచిదా చెడ్డదా? — ఒక పాఠకుడు, మియాపూర్

జవాబు: బాబూ, ఇది పక్షవాతం కాదు, సిద్ధీ కాదు. మీరు రాసిన లక్షణాలు వరసగా చదివితేనే కారణం కనిపిస్తోంది. ఒంటికి కావలసిన దానికన్నా వేగంగా, ఎక్కువగా ఊపిరి తీసి వదిలితే రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ బయటికి కొట్టుకుపోతుంది. అది తగ్గగానే రక్తం క్షారగుణం వైపు జరుగుతుంది. అప్పుడు రక్తంలో స్వేచ్ఛగా తిరిగే కాల్షియం తగ్గి, నరాలు చిన్న కదలికకే పేలినట్టు స్పందిస్తాయి. మూతి చుట్టూ, వేళ్ల కొనల్లో తిమ్మిరి, ఆ తర్వాత చేతివేళ్లు కూచిగా దగ్గరపడి బొటనవేలు లోపలికి ముడుచుకోవడం దాని గుర్తు. తల తేలిపోయినట్టు ఉండటం కూడా అందుకే. మెదడుకు వెళ్లే రక్తనాళాలు ఆ కాసేపు సన్నబడతాయి.

మళ్లీ ఇలా అయితే భయంతో ఇంకా గబగబా ఊపిరి తీయకండి. అలా చేస్తే బిగుతు పెరుగుతుంది. నోరు మూసి, ముక్కుతో చిన్నగా పీల్చి, పీల్చినదానికి రెట్టింపు సేపు వదలండి. కవరులో ఊపిరి తీసే పాత చిట్కా వద్దు. గుండె, ఆస్తమా సమస్య ఉన్నవాళ్లకు అది ప్రమాదం. కొన్ని నిమిషాల్లో వేళ్లు వాటంతటవే విచ్చుకుంటాయి.

రేపటి నుంచి వేగం సగానికి తగ్గించండి. తిమ్మిరి మొదలయ్యే ముందే ఆపడం నేర్చుకోండి. ఆపాక వెంటనే కళ్లు మూసుకోకుండా రెండు మూడు నిమిషాలు మామూలుగా కూర్చోండి. నా సొంత అభిప్రాయం అడిగితే, రోజంతా కంప్యూటరు ముందు రొమ్ముతో ఊపిరి తీసే మీలాంటివాళ్లకు, ముక్కు రంధ్రాలు మార్చుకుంటూ నిదానంగా చేసే నాడీశోధన మేలు, భస్త్రిక తర్వాత సంగతి. అదీ మనిషి ఎదుట కూర్చుని నేర్చుకోండి. వీడియో మీ వేళ్లను చూడలేదు కదా. ఫిట్స్, బీపీ, గుండెజబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు వేగంగా ఊపిరి తీసే ప్రాణాయామాల జోలికి డాక్టరును అడగకుండా పోవద్దు. ఇక మీరు ప్రాణాయామం చేయని రోజుల్లో కూడా వేళ్లు ఇలా ముడుచుకుంటే, రక్తంలో కాల్షియం, విటమిన్ డి పరీక్ష చేయించండి. వాటి లోటు వల్ల కూడా ఇదే బిగుతు వస్తుంది.

ప్రశ్న: అమ్మా, నాకు 68 ఏళ్లు. రిటైర్డ్ ఉద్యోగిని. సాయంత్రం ధ్యానంలో కూర్చుంటే పిక్కల్లో ఏదో పాకుతున్నట్టు, కాళ్లు కదపకపోతే ప్రాణం పోతుందన్నట్టు ఉంటుంది. బలవంతాన ఆపుకుంటే పిక్కలు బిగుసుకుపోతాయి. లేచి నాలుగడుగులు వేస్తే హాయి. కుర్చీలో కూర్చుని చేస్తే ధ్యానం ఫలించదని మిత్రులంటున్నారు. — ఒక పెద్దాయన, సిద్దిపేట

జవాబు: అయ్యా, నమస్కారం. కుర్చీ విషయం ముందు తేల్చేద్దాం. గీతలో ధ్యానానికి చెప్పింది ఒళ్లు, తల, మెడ సమంగా, కదలకుండా ఉంచమని. అది కుర్చీలో చక్కగా కుదురుతుంది. పాదాలు నేలకు పూర్తిగా ఆనేలా, వీపు మరీ వెనక్కి వాలకుండా కూర్చోండి.

మీ కాళ్ల సంగతి మాత్రం కుర్చీతో పూర్తిగా తీరకపోవచ్చు. సాయంత్రం పూట, కదలకుండా ఉన్నప్పుడే రావడం, నడిస్తే తగ్గడం చూస్తే, విశ్రాంతి లేని కాళ్ల జబ్బు అని డాక్టర్లు చెప్పేదేమో అనిపిస్తోంది. పడుకున్నాక కూడా ఇలాగే ఉంటుందా? ఉంటే ఫిజీషియన్ దగ్గరికి వెళ్లి, ఒంట్లో ఐరన్ నిల్వలు చెప్పే ఫెరిటిన్ పరీక్ష, కిడ్నీ పరీక్ష, షుగర్ పరీక్ష చేయించండి. హిమోగ్లోబిన్ బాగానే ఉన్నా ఫెరిటిన్ తక్కువ ఉండొచ్చు, కాబట్టి అదొక్కటీ విడిగా అడగండి. ఇప్పుడు వేసుకుంటున్న మందుల చీటీలన్నీ తీసుకెళ్లండి. కొన్ని జలుబు మాత్రలు, వాంతుల మాత్రలు, మానసిక సమస్యల మందులు ఈ బాధను పెంచుతాయి. సాయంత్రం కాఫీ, టీ మానండి. ధ్యానాన్ని పొద్దుటికి మార్చుకోండి. ఆ వేళ మీ కాళ్లు మీ మాట వింటాయి.

ఒక హెచ్చరిక మాత్రం ఉంది. నేల మీద కూర్చునే మీ మిత్రులకూ చెప్పండి. ఎక్కువసేపు బాసింపట్టు వేసుకున్నాక పాదం మొద్దుబారి, లేచి నడుస్తుంటే పాదం ముందుభాగం పైకి లేవక నేలకు తగులుతుంటే, దాన్ని తిమ్మిరి అని వదిలెయ్యొద్దు. మోకాలి పక్కన ఎముకను ఆనుకుని పోయే నరం నలిగితే అలా అవుతుంది. గంటల్లో తగ్గకపోతే అదే రోజు డాక్టరుకు చూపించాలి.

ప్రశ్న: మేడమ్, మా తమ్ముడికి 21 ఏళ్లు. ఇంజనీరింగ్ ఫైనలియర్. సెలవుల్లో పది రోజుల మౌన ధ్యాన శిబిరానికి వెళ్లాడు. ఆరో రోజు నుంచి కూర్చున్నప్పుడు మెడ, భుజాలు ఉలిక్కిపడినట్టు కొట్టుకోవడం మొదలైందట. ఇంటికి వచ్చాక ధ్యానంలో ఇంకా అప్పుడప్పుడూ వస్తోంది. పొద్దున లేచిన కాసేపటికి కూడా చేతులు ఒక్కోసారి గుంజుతున్నాయి. మొన్న కాఫీ గ్లాసు చేతిలోంచి ఎగిరిపోయింది. వాడు లోపలి సంస్కారాలు బయటికి పోతున్నాయంటాడు. అమ్మ దిష్టి అంటోంది. ఎవరికి చూపించాలో తెలియక రాస్తున్నాను. — ఒక అక్క, ఖమ్మం

జవాబు: అమ్మా, నీ ఉత్తరాన్ని పత్రికలో వచ్చేదాకా ఆపడం ఇష్టం లేక, నీకు విడిగా ముందే జవాబు పంపాను. ఇలాంటి ఇబ్బంది ఉన్న మరొకరికి ఉపయోగపడుతుందని ఇక్కడ మళ్లీ రాస్తున్నాను.

శిబిరంలో మొదలైనదాన్ని, పొద్దున కాఫీ దగ్గర జరిగినదాన్ని విడివిడిగా చూడాలి. గంటల తరబడి కదలకుండా కూర్చునే శిబిరాల్లో మెడ ఊగడం, భుజాలు ఎగరడం చాలామందికి జరుగుతుంది. కునుకు పట్టే క్షణంలో ఒళ్లు ఉలిక్కిపడటం మనందరికీ రాత్రిళ్లు తెలిసిందే, నాలుగింటికే లేచిన వాళ్లకు అది కూర్చున్నచోటే వస్తుంది. పట్టుదలగా కదలకుండా ఉండటం వల్ల అలసిన కండరాలూ అదురుతాయి. ఇంకో రకం కూడా ఉంది. మనసును వదులు చేస్తుంటే కొందరికి హాయికి బదులు కంగారు, గుండెదడ, వణుకు వస్తాయి. 1983లోనే అమెరికా పరిశోధకులు ఇద్దరు దీన్ని పేరు పెట్టి వర్ణించారు. వీటిలో మనిషికి పూర్తిగా తెలివి ఉంటుంది, కళ్లు తెరిచి లేచి నడిస్తే ఆగిపోతాయి. సాధన తగ్గించి, నడుస్తూ చేసే ధ్యానానికి మారి, నిద్ర సరిచేసుకుంటే చాలావరకు సద్దుమణుగుతాయి.

పొద్దున లేచిన గంటలోపు చేతులు గుంజడం, పట్టుకున్న వస్తువు ఎగిరిపడటం మాత్రం ఈ లెక్కలోకి రాదు. టీనేజీలోనో, ఇరవై దాటిన కొత్తల్లోనో మొదలయ్యే ఒక రకం మూర్ఛ సరిగ్గా ఇలాగే బయటపడుతుంది. మనిషి పడిపోడు, తెలివి తప్పదు, అందుకే ఇంట్లోవాళ్లు తడబాటు అనుకుంటారు. నిద్ర తక్కువైతే ఇది పైకి వస్తుంది. శిబిరంలో తెల్లవారుజాము లేవడం దాన్ని పుట్టించి ఉండదు, ఉన్నదాన్ని బయటపెట్టి ఉండొచ్చు. మీ తమ్ముడికి అదేనని నేను అనడం లేదు, చూడకుండా అనకూడదు. కానీ చూపించుకోకుండా ఉండటానికి వీల్లేదు. న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లండి. మెదడు విద్యుత్తును చూసే ఈఈజీ పరీక్ష రాస్తారు. అది నొప్పి లేని పరీక్ష. ఈ రకం మూర్ఛకు మంచి మందులున్నాయి, చాలామంది మాత్ర వేసుకుంటూ ఉద్యోగాలు, పెళ్లిళ్లు అన్నీ మామూలుగా చేసుకుంటున్నారు. అయితే కొన్ని మూర్ఛ మందులు దీన్ని తగ్గించకపోగా పెంచుతాయి, కాబట్టి ఎవరో వాడిన మందు తెచ్చి వెయ్యొద్దు.

తమ్ముడితో వాదన పెట్టుకోవద్దమ్మా. వాడు శిబిరంలో పొందిన ప్రశాంతత నిజమైనదే అయి ఉంటుంది, దాన్ని తక్కువ చేసి మాట్లాడితే డాక్టరు దగ్గరికి రాడు. సంస్కారాలు పోతుంటే పోనీ, చేతులు ఎందుకు గుంజుతున్నాయో కూడా చూద్దాం అను. అమ్మ దిష్టి తీస్తానంటే తియ్యనివ్వు, దాని కోసం అపాయింట్‌మెంట్ మాత్రం ఆపకు.

డాక్టరును కలిసేదాకా రాత్రి ఏడెనిమిది గంటలు నిద్రపోవాలి, పరీక్షలున్నా సరే. బైకు నడపకూడదు. కాలవలోనో, ఈతకొలనులోనో ఒంటరిగా దిగకూడదు. పొద్దున పొయ్యి దగ్గర నిలబడి కాఫీ కలిపే పని నువ్వు తీసుకో. ధ్యానం కావాలంటే పగటిపూట, బాగా నిద్రపోయిన రోజున, ఒక పది నిమిషాలు చేసుకోనివ్వు. పొద్దున వాడు కాఫీ తాగే వేళకు నీ ఫోను చేతిలో ఉంచుకో. చేతులు గుంజినప్పుడు మొహం, చేతులు రెండూ కనపడేలా వీడియో తియ్యి. ఏ వేళకు వచ్చింది, అంతకుముందు రాత్రి ఎన్ని గంటలు పడుకున్నాడు, ధ్యానంలోనా బయటా అన్నది ఒక కాగితం మీద రాసి పెట్టు. న్యూరాలజిస్టు గదిలో ఆ గుంజుడు కనిపించకపోవచ్చు, ఆయనకు నీ వీడియోనే ఆధారం.